పదకొండు సెకన్ల పాత నీరు

హిరమండలం దిగువన, రేవు మెట్ల పక్క ఇనప గొట్టానికి
హార్లిక్స్ సీసా ఒకటి అడ్డంగా కట్టాను.
అందులో, పాడైన లాప్‌టాప్ నుంచి
ఊడబెరికిన కెమెరా.
దాని చూపంతా ఒక్కచోటే:
వంశధారలో పాతిన కొలబద్ద, దాని మీది నల్లంకెలు.

ఏ యాప్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు.
గీతలు పడ్డ పాత సెల్లయినా సరే, బ్రౌజర్ తెరిస్తే
ఫొటో మీద ఫొటో, పేకముక్కలు పరిచినట్టు,
ఏరు ఇంట్లోకొస్తుంది
గడప తడవకుండా.

లష్కరు గేదెల తవిటయ్యకి నచ్చలేదు.
"ముప్పయ్యేళ్లు నాను సదివి సెప్తే ఇన్నారు.
ఇప్పుడు సీసా సెప్తాదేటి బావూ?"

ఇక్కడ కొమ్మ కొట్టుకుపోతే
తెర మీద పదకొండు సెకన్లకి పోతుందని చెప్పాను.
బీడీ నలిపి నవ్వాడు.
"అయితే మీరు సూసీది ఎల్లిపోయిన నీరన్నమాట."

ఒడిశా కొండల మీద మూడు రోజులు వాన.
రాత్రి రెండింటికి నరసన్నపేటలో, షాపు షట్టరు సగం దించుకుని
చూసేవాళ్ల లెక్క చూస్తున్నాను:
ముగ్గురు. నలభై. ఆరొందల పన్నెండు.
గేదెల పలుపులు విప్పాలా వద్దా తేల్చుకోలేని వాళ్లు,
రేపటి పెళ్లికి గాడిపొయ్యి తవ్వించినవాడు.

సిగ్నల్ సన్నగిల్లింది.
ఎవరికీ ఆగని వంశధార
నా పాత రౌటరు ముందు ఆగిపోయింది.
నడిమధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఒక తెల్ల సుడి.

మళ్లీ కదిలేసరికి కొలబద్ద లేదు.
ఆఖరి అంకె కూడా మునిగింది.
వాన తెరిపిచ్చింది కాబోలు,
బల్బు చుట్టూ లేచిన ఉసుళ్లు సీసాకి అంటుకున్నాయి.
ఆరొందల మందికి ఏటికి బదులు
రెక్కలు.

అప్పుడు
తెర నిండా గళ్ల తువ్వాలు.
అటూ ఇటూ.
తర్వాత ఒక కన్ను, తడిసిన కనుబొమ్మ.
నోరు తెరిచి ఏదో అంటున్నాడు.
నేను మైకు పెట్టలేదు.
అది గుర్తొచ్చినట్టుంది, రెండు వేళ్లు చూపించాడు,
అరచెయ్యి చాపి జాన కొలిచాడు,
కరకట్ట వైపు తల ఎగరేశాడు.

రెండు జానలే మిగిలింది.

పలుపులు విప్పే ఉంటారు. పొయ్యి సంగతి తెలీదు.
నేను మాత్రం ఫోన్ చేశాను, చేతులు వణుకుతుంటే.
తెరలో ఇంకా అక్కడే ఉన్నాడు,
మోకాలి దాకా నీళ్లలో, సీసా మూత బిగిస్తూ.
చెవిలో మాత్రం ఆయాసం, వెనక కుక్క అరుపు:

"నాను గట్టెక్కీసాను బావూ.
నీ సీసాలో నిలబడ్డోడెవడో
ఆడ్ని కూడా రమ్మను."