తల జాగ్రత్త

రోజుకి మూడొందల సార్లయినా అంటాను ఆ మాట.
తెలుగులో, హిందీలో, వచ్చీరాని ఒడియాలో.
బెంగాలీవాళ్ళు మంకీ టోపీలతో చెవులు కప్పుకొస్తారు,
వాళ్ళకి చేత్తో చూపిస్తాను.
అయినా ఎవరో ఒకరికి తగులుతుంది.
ఆ టంగుమనే చప్పుడుని బట్టి
ఏ గుమ్మమో చెప్పగలను.

పధ్నాలుగేళ్ళు చెవులే నా ఉద్యోగం.
నీళ్ళ కింద, తలకి డిప్పలు తగిలించుకుని
ఇది చేపల గుంపు, ఇది సరుకు ఓడ,
ఇది పైన కురుస్తున్న వాన, అనేవాణ్ణి.
ఇప్పుడు ఆర్కే బీచ్ ఇసక మీద
ఒడ్డుకి లాగేసిన జలాంతర్గామి పొట్టలో నిలబడి
జనం ఏమంటారో వింటున్నాను.

"అమ్మో, ఇంత ఇరుకా!" అందరిదీ అదే మొదటి మాట.
రెండోది, "ఏసీ లేదా?"
పార్వతీపురం నించి వచ్చిన ఒక ముసలమ్మ
మంచాలు లెక్కపెట్టి, మనుషులెందరని అడిగి,
"మిగిలినోల్లు ఎక్కడ తొంగున్నారు బావూ?" అంది.
ఇన్నేళ్ళలో సరైన ప్రశ్న అదొక్కటే.
ఒకడు లేచిన వెచ్చదనంలోనే ఇంకొకడు, అన్నాను.
తలూపింది, తెలిసిన సంగతిలాగే.

కొత్తజంటలకి పెరిస్కోప్ కావాలి.
పిల్లలకి దొడ్డి ఎక్కడో కావాలి.
మేష్టార్లకి పొడవెంత, ఎన్ని టన్నులు.
బయటికెళ్ళి మొక్కజొన్న పొత్తు కొనుక్కుని
యారాడ కొండ వెనకాల పడేలా ఫోటో దిగుతారు.

ఆషాఢంలో ఒక మంగళవారం
వాన పట్టుకుని జనం లేరు.
షిప్పింగ్ ఏజెంటు దగ్గర పనిచేసే దాలినాయుడు
ఒక చైనా ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు.
గంగవరంలో బొగ్గు దింపుతున్న ఓడ మీద వంటవాడట.
కైలాసగిరి ఎక్కిస్తే మబ్బు తప్ప ఏమీ కనపళ్ళేదట.
సింహాచలం తీసికెళితే
మెట్ల కింద పనసపళ్ళ బళ్ళ దగ్గరే నిలబడిపోయాడట.
"మీదే లాస్టు బాబాయ్, ఆరింటికి గేటులో అప్పజెప్పాలి."

తల జాగ్రత్త, అన్నాను, చేత్తో.
అతను అప్పటికే వంగాడు.
ఇనుప గుమ్మాలు ఎరిగిన మెడ.

టార్పెడోలు చూపించాను, ఊఁ అన్నాడు.
నా పాత కుర్చీ చూపించి నా చెవులు ముట్టుకున్నాను, నవ్వాడు.
ఫోనులో వాళ్ళ ఊరు చూపించాడు: చింగ్‌దావ్.
అక్కడా సముద్రం, ఎర్ర పెంకుల ఇళ్ళు,
అక్కడా ఒడ్డున కట్టేసిన ఒక జలాంతర్గామి,
దాని ముందు నోళ్ళు తెరిచి ఎవరివో పిల్లలు.
ఎవర్ని ముంచుదామని ఎవరు దాచుకున్నారో ఇవన్నీ.
ఆ మాట నాకు హిందీలోనే చెప్పడం రాదు.

వంటగది దగ్గర ఆగిపోయాడు.
అది గది కాదు, అలమారా.
డెబ్బై అయిదు మందికి అందులోంచే అన్నం.
నేనెప్పుడూ అక్కడ రెండు ముక్కలు చెప్పి ముందుకి నడిపిస్తాను,
ఎవరూ ఫోటో తియ్యరు.
ఇతను పొయ్యి రేకు మీద అరచెయ్యి పెట్టాడు,
జొరం చూసినట్టు.
చాలాసేపు తియ్యలేదు.
పైన డెక్కు మీద వాన వినిపిస్తోంది నాకు.
వేగిన ఉల్లిపాయా డీజిలూ కలిసిన ఆ వాసన
ఎక్కణ్ణించొచ్చిందో, పాతికేళ్ళ కిందటిది.

వెళ్ళేముందు పుస్తకంలో రాయమన్నాను.
"సూపర్", "జై హింద్", "ఫ్యాన్లు పెట్టండి",
బాణం గుచ్చిన గుండెకాయలో ఢిల్లీశ్వరి.
వాటి కింద ఒక వరస గీశాడు,
చిన్నచిన్న ఇళ్ళలాంటి అక్షరాలు.
దాలినాయుడు ఫోను పెట్టి చదివించాడు.
అది తిరిగి తిరిగి ఆఖరికి చెప్పింది:
"పొయ్యి చల్లారింది. అందరూ తిన్నారా?"

మా శ్రీకాకుళం సైడు వీధిలో ఎవరెదురైనా అడిగేది అదే.
జవాబు అక్కర్లేని ప్రశ్న.
జవాబు చెప్పకపోతే బాగోదు కూడా.

వాళ్ళు తడుస్తూ ఆటో ఎక్కాక
కింద రాశాను, తెలుగులో: "ఇంకా లేదు."

పుస్తకం సందర్శకులది, సిబ్బంది రాయకూడదని
మా సూపరింటెండెంటు కేకలేశాడు.
కొట్టెయ్యమన్నాడు.
కొట్టేశాను,
చదవడానికి వీలుగా.