ఇస్త్రీ బండి కాడ ఆదెమ్మ

జ్ఞానాపురం వంతెన దిగితే
మూడో కరెంటు స్తంభం కింద నా బండి.
ముప్పై ఏళ్లు.
ఆదివారం గుడికెల్లే తెల్ల సొక్కా
తీగ మీద ఆరేసి దించేలోగా
రేవు గాలి దాని మీద ఏదో రాసీసి పోయేది.
దులిపితే పోదు. తడిపితే సార.
"ఇస్త్రీ సేసేవా, మసి పూసేవా ఆదెమ్మా?"
"మసి నాది కాదు బాబూ, ఓడది."

నా పెట్టెలోవి కర్రబొగ్గులు,
సరుగుడుకి పుట్టినవి.
రేవులోవి రాతిబొగ్గులు.
పేరొకటే గానీ చుట్టరికం నేదు.

మా ఇంటాయన దాలయ్య
వేగన్ల కాడ పార పట్టీవోడు.
తుమ్మితే తువ్వాలు నల్లబడేది.
పని మానీసి ఆరేళ్లయినా ఆ దగ్గు
తెల్లారగట్ల స్టార్టవని లారీలాగ
మా గోడల్ని కుదుపుతాది.

సిన్నోడు ముడసర్లోవలో పలకలు తుడుత్తాడు.
నీళ్ల మీద తేలే పలకలు, ఎండ తాగుతాయంట.
పొద్దెక్కకముందే పడవెక్కి
నీటికాకుల రెట్ట గోకాల.
గోకీదాకా ఆ మూల ఎండ దండగ.
పదకొండు నెలల కాంట్రాక్టు,
పన్నెండో నెల దేవుడిది.
"మసి నేదమ్మా, రెట్టే" అని నవ్వుతాడు.

తండ్రి నమ్మడు.
"తిరిగే చక్రం నేకుండా, మండే పొయ్యి నేకుండా
కరెంటేటిరా?
పరవాడ గొట్టం ఇంకా పొగొదులుతోంది, సూడు."
"ఇంకొన్నాళ్లు నాన్నా."
"ఎన్నాళ్లు?"
ఆడు అన్నం కలుపుకుంటాడు.

మొన్న నాకు కరెంటు పెట్టె కొన్నాడు.
మరీ తేలిక. బరువు నేని పెట్టెకి
మడత మాట ఇనదు,
మోచెయ్యి సాయం పొయ్యాల.
పైన తీగకేసి సూత్తాను.
అందులోకొచ్చీసేక కరెంటుకి ఇంటిపేరుండదు.
ఇది కొడుకు తుడిసిన ఎండో,
తండ్రి ఎత్తిన బొగ్గో,
సొక్కాకి తెలీదు. వేడి వేడే.
కరెంటు పోయిన పూట
పాత పెట్టె బయటకి తీసి ఊదుకుంటాను.
అదింకా నా మీద అలగనేదు.

రేవులో బొగ్గు గుట్టల మీద
పట్టాలు కప్పుతున్నారంట.
దాలయ్య పొద్దున్నే లేసి
కిటికీ చెక్క మీద ఏలితో గీత్తాడు,
కేలండర్ సూసినట్టు.
ముందు నల్లగా పడేది గీత.
తరవాత బూడిదరంగు.
ఇయ్యాల సగం దూరమే పడింది,
మిగతా సగం ఉట్టి చెక్క.
గుడ్డ తెచ్చి తుడవబోయేను.
సెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ" అన్నాడు.