ఒకటే మంచం

అందరి కథల్లోనూ అదే వాన.
అదే లాడ్జి, అప్పుడే కరెంటు పోవడం,
ఒకటే గది మిగలడం, గదిలో ఒకటే మంచం.
ఎనిమిదిన్నర సీరియల్ వాళ్ళు ఇన్‌స్పెక్టర్ హైమని
రెండువందల పన్నెండు ఎపిసోడ్లుగా ఎవరికీ ఇవ్వలేదు గదా,
అభిమానులం మేమే పూనుకున్నాం.
డాక్టర్ నిరంజన్‌కి ఇచ్చి
ఫోన్లలో ఎన్నిసార్లు పెళ్ళి చేశామో.

నేనూ రాస్తాను.
బంగారుపాళెం దాటినాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
జూన్ నెల, రాత్రి షిఫ్టు.
తూకం చీటీల వెనక రాస్తాను.
ముందువైపు ట్రాక్టర్ నంబరు, టన్నులు, తరుగు.
గేటు బయట తోతాపురి లోడ్లు బారులు తీరి,
వాటి కింద దుప్పట్లు పరుచుకుని డ్రైవర్లు.

నా కథలోనూ వాన పెట్టాను.
భాకరాపేట ఘాట్‌లో జీపు ఆగిపోయింది.
గది ఒకటే. మంచం ఒకటే.
హైమ టోపీ తీసి మేకుకి తగిలించింది.
ఇక్కడే పెన్ను ఆగింది.

ఆమెకి ఆ కోరిక లేదు.

ఈ ఒక్క వాక్యానికి మూడు రాత్రులు.
మొదటి రాత్రి కారణం రాశాను,
చిన్నప్పుడు ఏదో జరిగిందని.
కొట్టేశాను. ఏమీ జరగలేదు ఆమెకి.
రెండో రాత్రి చచ్చిపోయిన ప్రియుణ్ణి తెచ్చాను,
పటానికి దండ కూడా వేశాను పాపం.
అతన్నీ కొట్టేశాను. అతను పుట్టనే లేదు.
పోనీ సన్యాసిని చేద్దామనుకుంటే
హైమ నవ్వింది,
బిర్యానీలో ఎముక కొరుకుతూ నవ్వింది.

మాట కోసం వెతికాను. అలైంగిక అంటారట.
'అ' వచ్చి ముందు నిలబడితే ఏదో పోయినట్టే ఉంటుంది,
అసంపూర్ణం, అనాథ.
తూకం మిషన్ మీద సున్నా ఎర్రగా వెలుగుతుంటే
చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.
అభయంలోనూ అదే 'అ' కదా.
ఏం పోగొట్టుకున్నావని
భయం లేనివాళ్ళని ఎవరూ అడగరే.
తరుగు అనే గడిలో
హైమ పేరు మీద ఏమీ రాయలేదు నేను.

ఒక సంగతి చెప్పాలి.
మామిడిపండంటే నాకు నోరూరదు.
చిత్తూరు జిల్లాలో పుట్టి ఈ మాటంటే
ఫ్యాక్టరీలో చేసి చేసి వెగటు పుట్టిందిలే అంటారు.
మంచి పండు నీకింకా తగల్లేదని
బేనీషా కోసి చేతిలో పెడతారు.
కాదు. పాలపళ్ళనాటి నుంచీ అంతే.
ఏ కాయ రేపటికి మాగుతుందో నా బొటనవేలికి తెలుసు.
తొడిమ దగ్గర జీడి వాసన ఇష్టం.
గంపలో ఆ పసుపుని అట్లా చూస్తూ ఉండగలను
టీ చల్లారిపోయేదాకా.
నోరే ఊరదు.

నాలుగో రాత్రి రాసేశాను.
"గోడవైపు నువ్వు పడుకో, నేను రెండింటికి లేవాల" అంది హైమ.
అతను అడిగాడు. ఆమె చెప్పింది.
చాలాసేపు అతనేమీ మాట్లాడలేదు.
ఆ చాలాసేపుని కొట్టెయ్యలేదు,
అతని బాధ అతన్ని పడనిచ్చాను.
తర్వాత దుప్పటి సగం ఇటు జరిపాడు.
హైమ గురక పెట్టింది.
ఆ గురక మీద నాలుగు వాక్యాలు రాశాను, ప్రేమగా.
తుపాకి దిండు కింద పెట్టుకోకుండా
ఆమె నిద్రపోయేది అతనున్న గదిలోనే.

టీ టైములో రెడ్డెమ్మక్క చదివింది.
చేతుల నిండా గుజ్జు,
అందుకని చీటీలు నేనే పట్టుకుని తిప్పాను.
"కడాకు ఏమన్నా జరగతాదా మే?"
"జరిగింది కదక్కా. తెల్లారి కాఫీ అతనే తెచ్చినాడు."
పెదాలు కదుపుతూ
చివరి చీటీ మళ్ళీ చదివింది.
ఇరవైరెండేళ్ళ కాపురం, ముగ్గురు పిల్లలు.
సైరన్ మోగింది.
లేస్తా, నా వైపు చూడకుండానే అంది:
"ఆ మంచం యాడుండాదో చెప్పు మే.
ఒక్క రాత్రి నేనూ పోయి నిద్రపోతా."