రెండో చుక్క

ఫోన్ నా బల్ల మీద పెట్టిండు విశ్వతేజ,
బోర్లించిన గాజుగిన్నె పక్కన.
గిన్నె కింద ఒక ఆడవాళ్ల వాచీ
పేగులు బయటేసుకొని పడుకున్నది.
"కాసీం చాచా, అస్లీనా నక్లీనా చెప్పు.
రాత్రి పదింటిదాకనే టైమ్. ఆరువేల ఐదొందలు."

ఫోన్ల ఉన్న వాచీని చెవికి పెట్టుకోలేం.
ఉస్తాద్ నాకు ముందుగాల నేర్పింది చెవి,
తర్వాత గోరు, ఆఖరుకు కన్ను.
ఇప్పుడు కన్ను ఒక్కటే అక్కరకొస్తది,
అది కూడా శుక్లం తీసిన కన్ను.

అయినా లూప్ పెట్టుకున్న.
పోరడు నవ్విండు.
"రెండు వేళ్లతోని ఇట్ల గుంజు చాచా, పెద్దగయితది."
గుంజిన.

డయల్ మీద నలుపు కొత్తది,
వానకు తడిసిన బర్రె లెక్క మెరుస్తున్నది.
యాభై ఏండ్ల నలుపు గట్లుండదు,
అంచుల పొంటి చాయ్ రంగుకు దిగుతది.
ఆరు కాడ నిమిషాల గీతలు
బస్సెక్కెటోళ్ల లెక్క తోసుకుంటున్నయి,
పన్నెండు కాడ జాగ మిగిలింది.
ఫ్యాక్టరీ గట్ల లెక్క తప్పదు.
చీకట్ల మెరిసే పూత ముసలిదైతే
ఎండిన పసుపుకొమ్ము రంగుకు రావాలె,
ఇది నిన్న తెంపిన నిమ్మకాయ.
మూడు ఫొటోలు మూడు దిక్కులకెళ్లి తీసిండు,
మూడింట్ల సెకండ్ల ముల్లు ఇరవై రెండు మీదనే.
కింద రాసిండు: "మంచిగ నడుస్తున్నది."

"అంటే నక్లీ?"
ఆగు బిడ్డా. నాలుగో ఫొటో ఉన్నది,
వీపు మూత తీసింది.

మిషన్ సరైనదే.
స్క్రూల తలలు మాత్రం చితికినయి,
ఎవడో కూరగాయల కత్తితోని తిప్పినట్టు.
మూత లోపలి దిక్కు, ఎంట్రుక మందం గీతలు:
12-3-84.
పక్కన ఉర్దూ ఖాఫ్. దాని మీద రెండు చుక్కలు.
రెండో చుక్క పక్కకు జారింది.

రిపేరోళ్లం లోపల గీకుతం,
ఎన్నడు ముట్టినమో మళ్ల యాదికుండాలెనని.
ఆ జారిన చుక్క నాది.
మిల్లు సైరన్ కొట్టింది, చేతిల సూది ఎగిరింది.

బైరి కట్టమల్లు. ఆజంజాహి మిల్లు, నేత ఖాతా, రాత్రి పాలి.
వాచీ తెరిస్తే పండ్ల చక్రాల నడుమ దూది,
పిచ్చుక గూడు కట్టినట్టు.
సెకండ్ల ముల్లు విరిగింది, దానిది దానికి దొరకలేదు.
చచ్చిన ఇంకో వాచీది పీకి పెట్టిన,
కొస ఎర్రగున్న ముల్లు.
"రంగుదేమున్నది భాయ్,
గేటు మూసెటాల్లకు నేను లోపలుండాలె" అన్నడు.
ఎనిమిది రూపాలు. రెండు బాకీ.

ఆ ఎర్రకొస ఇప్పుడు ఇరవై రెండు మీద నిలబడ్డది,
ఏ ఊర్లనో, ఎవని లైటు కిందనో.
నలుపు పూసినోడు వేరే.
ముల్లు మార్చింది నేను.
తప్పుల పట్టీ రాయాలంటే
మొదటి పేరు నాదే రాయాలె.

కట్టమల్లు మణికట్టు నుంచి అది ఎన్నడు దిగిందో,
అమ్మిండో, కుదువ పెట్టిండో, పోయినంక తీసిండ్రో,
ఎంత గుంజినా ఫోన్ చెప్తలేదు.
మిల్లు బందైనంక మనిషి ఈ సందుకు రాలే.
రెండు రూపాలకు మొఖం చాటేసిండని
చాన్నాళ్లు అనుకున్న నేను.

"కొనకు" అన్న విశ్వతేజతోని.
"డయల్ పూసింది, ముల్లు పరాయిది.
వెయ్యి కూడా ఎక్కువనే."
"మరి లోపల ఆ గీతలేంది చాచా?"
"ఎవడో రిపేరోడు."

బండి తీసి హన్మకొండ దిక్కు పోయిండు.
నేను గాజుగిన్నె ఎత్తిన.
ఆడవాళ్ల వాచీకి చాబీ గుబ్బ దానిది దొరకలే,
డబ్బాల వేరేది ఉన్నది, సరిపోయింది.
మూత బోర్లించి తారీకు గీకిన,
ఖాఫ్ గీకిన,
ఒక చుక్క పెట్టిన.

ఇప్పుడు సైరన్ లేదు. అయినా చెయ్యి ఆగింది.
గోడ మీద ఏడున్నర.
పదింటిదాక టైమున్నదన్నడు పోరడు.