ఆఖరు తేదీ

దేవరకొండ బస్టాండు ఎదురుంగ జిరాక్స్ షాపుల
ఇస్లావత్ రోజా
డిగ్రీ కాలేజీల పేర్లను
పైకి జరిపిస్తది, మళ్ల కిందికి దించుతది.
మొన్న నీట్ల
పద్దెనిమిది మార్కులు తక్కువపడ్డయి.

"బీజెడ్‌సీ నల్లగొండల పెట్టాల్నా, పాలమూర్లనా?
జల్ది చెప్పు చెల్లె, సర్వరు పోతది."

ఆమె అడగాలనుకున్నయి ఆ తెర మీద లేవు:
మైక్రోస్కోపుకు అద్దం ఉన్నదా,
హాస్టల్ల పదకొండు దాటినంక లైటు ఉంచనిస్తరా,
ఇంకొక్కపారి నీట్ రాస్తనంటే
లెక్చరర్లు నవ్వుతరా.

తండా నుంచి ఫోను.
ఆరెంపీ సూదేసినకాడ
యాడి తొడ గడ్డకట్టిందట,
సున్నం బెల్లం పట్టేసిండ్రట.

"నల్లగొండనే మొదలు పెట్టన్నా."
ఎందుకని పిలగాడు అడగలే.

హాస్టలు నుంచి కాలేజికి పొయ్యే ఆటో
పెద్దదవాఖాన గేటు ముందట
మెల్లగైతది.
ఆడ స్పీడుబ్రేకరున్నది.