ఇతరములు

ఆఫీసువాళ్లు నా చేతికి ఒక ట్యాబ్ ఇచ్చి
అందులో ఇరవై రెండు ప్రశ్నలు పెట్టి
కాశీబుగ్గ బస్సెక్కించారు.
కోడింగ్ నేర్పే యాప్ అట,
రోజుకి పావుగంట సాధన.
ఎవరు కొంటారో కనుక్కుని రమ్మన్నారు.

కొనేవాడి బొమ్మ ముందే గీసి ఉంచారు:
ఇరవై ఒకటో ఏడు, సొంత ల్యాప్‌టాప్,
పక్కన నురగ తేలే కాఫీ, కాలు మీద కాలు.
దానికో పేరు కూడా పెట్టారు.
ఆ పేరుతో పలాసలో ఎవర్ని పిలిచినా
వెనక్కి తిరిగి చూసేవాళ్లు లేరు.

రైలు గేటు దాటగానే
జీడిపిక్కలు కాల్చిన పొగ
అడక్కుండానే చొక్కాలోకి దూరింది.
సెల్‌ఫోన్ల కొట్లో దున్న పైడిరాజు
పగిలిన అద్దం మీంచి కళ్లెత్తకుండా
"మీ యాప్ ఎన్ని ఎంబీలు బావూ?" అన్నాడు.
చెప్పాను.
"ఈ ఊరి ఫోన్ల కడుపులు నాకు తెలుసు.
పెళ్లి వీడియోలు, భజనలు, అప్పు చీటీల ఫొటోలు.
ఇంక నీ యాపుకి పీటెక్కడేత్తావు?"
నా ప్రశ్నలన్నీ నేనడగాల్సినవే.
ఎదురు ప్రశ్న రాసుకోడానికి గడి లేదు.

పాలిటెక్నిక్ గోడ దగ్గర ముగ్గురు కుర్రాళ్లు
దేనికైనా అవునన్నారు.
నెలకి రెండొందలు కడతారా?
కడతాం సార్.
కాసేపటికి ఆటో ఛార్జీకి
ఒకడి జేబు ఒకడు తడుముకోవడం చూసి
మూడు అవునులూ చెరిపేశాను.
ఎందుకు అబద్ధమాడారు అంటే
పాపం ఎండలో నిలబడ్డాను కదా అని.

చీకటి పడే వేళకి బైపల్లి కుసుమ ఇల్లు.
డిగ్రీ రెండో ఏడు, కంప్యూటర్లు.
కాలేజీలో అవి ముప్ఫై ఉంటే లేచేవి పదకొండు,
అదీ గురువారం, అదీ కరెంటుంటే.
మీరు ఏ పరికరం మీద సాధన చేస్తారు?
చూరులోంచి పొడుగు నోట్‌బుక్ తీసింది.

పేజీ నిండా పెన్సిల్ గీతలు.
ఐ సున్నా, ఐ ఒకటి, ఐ రెండు,
ఒక్కో చుట్టూ చేత్తో తిప్పుకుంటూ
యంత్రం పని తనే చేసింది.
వాళ్లమ్మ పప్పు ఏరే లెక్కే ప్రోగ్రాం:
గుండైతే ఈ బుట్ట, బద్దైతే ఆ బుట్ట,
ముక్కైతే గోనె.
పక్కనే పొట్టు తీస్తున్న అమ్మ
చెయ్యి ఆపకుండా విని
"మరి మచ్చున్న గుండు ఎక్కడేత్తావే?" అంది.

కుసుమ పెన్సిల్ ఆగింది.
నాలుక కరుచుకుని
అడుగున ఒక గీత గీసి రాసింది:
ఇవేవీ కాకపోతే.

"సార్, మీ దాంట్లో తప్పు రాస్తే
ఎర్రగా చూపిస్తుందా?
పుస్తకం చూపించదు.
నాకు మా అమ్మే చూపించాల."
ఇరవై రెండిటిలో
అంత మంచి ప్రశ్న ఒక్కటీ లేదు.

కడకి అంగీకారానికి వేలిముద్ర.
కూతురిది పట్టింది.
అమ్మతో కూడా మాట్లాడాను కదా,
ఆమెదీ అడిగింది ట్యాబ్.
బొటనవేలు మూడుసార్లు పెట్టింది,
మూడుసార్లూ గుర్తించలేదు.
"జీడి తినేసింది నాయినా,
రేషను కొట్టు కాడా ఇదే గోల,"
అని నవ్వి, చెంగుకి తుడుచుకుని
నాలుగోసారి పెట్టింది.

రాత్రి బస్సులో ఉండగా ఫోన్:
టార్గెట్ దొరికిందా?
ఆ మాటకి తెలుగు
గురి అనే కదా.
సిగ్నల్ లేదన్నాను. ఉంది.

ఫారం చివర ఒక గడి మిగిలింది,
ఇతరములు, వివరించండి.
నలభై అక్షరాలు మాత్రమే పడతాయి.
టెక్కలిలో మొదలెట్టాను.
నరసన్నపేట లైట్లు వెనక్కి పోతున్నా
'మచ్చున్న' అనే మాట పక్కనే
కర్సర్
రెప్పలు కొట్టుకుంటూ నిలబడింది.