ఆ రాత్రి ఏ ఓడా పోలేదు

దీపం ఆర్పింది నేనే.

తంతి గూడూరు నుంచి సైకిలు మీద వచ్చింది,
ఆఖరి మైలు ఇసకలో
సైకిలే మనిషి మీద వచ్చింది.
మళ్ళీ చెప్పిందాకా వెలిగించవద్దు. అంతే.

డెబ్భై ఒకటి, డిసెంబరు.
ఆర్మగాం మెట్ట మీద నీళ్ళు పల్చన,
ఓడల అడుగులు నేలకు తగలకుండా
మా తాతలనాటి నుంచీ ఒకటే మాట చెప్పే స్తంభం అది:
ఇటు రావద్దు, ఇటు రావద్దు.
పదకొండేళ్ళు నేను ఆ మాటకు కీ ఇచ్చాను,
గోడ గడియారానికి ఇచ్చినట్టు.
ఆ సాయంత్రం అద్దాలకు గోనెపట్టలు కట్టి దిగుతుంటే
కాళ్ళకు మెట్లు తెలుసు గానీ
చేతులకు ఏం చెయ్యాలో తెలీలేదు.

రేడియోలో విన్న సబ్‌మెరైన్‌ని
మొనపాలెంలో మూడు రకాలుగా పలికారు.
పామంజి ఏకొల్లు ఒక్కడే అర్థం అడిగాడు. చెప్పాను.
"మునిగీ బతికే ఓడా? అయితే మా కులమే సామీ!"
అని బీడీ పొగలో నవ్వాడు.

కానాగంతలు పడే రోజులు.
యుద్ధమని చేపలకు తంతి రాలేదు.
ఏకొల్లు, అతని తమ్ముడు చెంచురామయ్య
నాలుగు మాన్ల తెప్ప తోసుకుని పోయారు,
అమావాస్య దగ్గరి రాత్రి.

తర్వాత ఏకొల్లు చెప్పింది ఇది:
"ముందు వాసనొచ్చింది సామీ, కాలిన నూనె.
ఆనక చప్పుడు, నీళ్ళకింద ఇసుర్రాయి తిప్పినట్టు.
ఆ పైన చీకట్లో చీకటి కదిలింది.
ఒక్క దీపం లేదు.
మా మీద కోపం గాదు దానికి,
యాడో మునిగి ఉన్నదానికి భయపడి
ముసుగేసుకుని పరిగెత్తతా ఉండాది.
నేను బీడీ ఎలిగించి ఊపినా.
బీడీ, సామీ!"

రెండు మాన్లు పట్టుకుని తెల్లారేదాకా తేలాడు.
ఊరెటో చెప్పే దీపం లేదు,
అది నా చేతిలో ఆరిపోయింది.
తెగిన వల అంచున మిగిలిన గుండును
అడుక్కి వదిలి, లాగి,
అంటిన బురద నాలుక మీద పెట్టుకున్నాడు.
కరకరలాడితే మెట్ట.
జిగురైతే ఇంకా లోతు.
ఆకు కుళ్ళిన చేదు తగిలినాక
అటుకేసి కాళ్ళు ఆడించాడు, కాలువ నోరు అదేనని.

చెంచురామయ్య రాలేదు.
తెప్పలో మిగిలిన రెండు మాన్లూ రాలేదు.

నష్టపరిహారం అర్జీ రాసింది కూడా నేనే.
నెల్లూరు కలెక్టరు కచేరీకి ఒకటి, మద్రాసుకు ఒకటి.
ఏడు నెలలకు ఇంగ్లీషులో జవాబు.
చెంచురామయ్య పెళ్ళాం పోలమ్మ ముందు
గొంతు సవరించుకుని తెలుగు చేశాను:
తమరు పేర్కొన్న రాత్రి
ఆ మార్గమున ఏ నౌకయూ పోలేదు.

పోలమ్మ చాలాసేపు ఆ కాయితాన్నే చూసింది,
చదువు రానిది, అచ్చు సింహాల ముద్రను.
"ఓడే పోకపోతే
మా మనిషి కూడా పోనట్టే గదయ్యా?"

ఒళ్ళు దొరకలేదని అంతదాకా ఆగిన పెద్దోళ్ళు
ఆ వారమే గాజులు తియ్యను వచ్చారు.
కాయితం చూపించింది.
"గవర్మెంటు రాసిచ్చింది" అంది.
ఎవరూ చదవలేకపోయారు. నన్ను పిలిచారు.
చదివాను.
గాజులు ఉండిపోయాయి.

ఇప్పుడు ఈ వయసులో ఒక మాట:
ఆ రాత్రి ఆ చప్పుడు నేనూ విన్నాను.
చీకటి మెట్ల మీద కూర్చుని, ఇసుర్రాయిని.
ఓడల సంగతి చిట్టాలో ఎక్కించరాదని
రెండో తంతి అప్పటికే జేబులో ఉంది.
దీపం వెలగలేదు, సముద్రం మామూలు
అని రాసి సంతకం పెట్టాను.
మద్రాసు వాళ్ళు ఎవరినీ అడగనక్కరలేదు,
నా చిట్టా తిరగేస్తే చాలు.

ఆ ఓడలో గోధుమలో, గుండ్లో.
క్షేమంగానే చేరి ఉంటుంది.
చేరకపోతే పేపర్లో పడేది.

మిగిలిన సగం వలను పోలమ్మ
పొట్లపాదుకు పందిరి కట్టింది.
కోసినచోట మాత్రం ముడి వెయ్యనిచ్చేది కాదు.
కాయలు దించుకోను నన్ను రమ్మనేది ఏటా.
వెళ్ళేవాణ్ణి,
ఆ అంచు కిందికి మాత్రం పోకుండా.